ప్రభలో ముఖం: మేళ్లచెరువు విద్యుత్ ప్రభలు, ఛాయాచిత్రం - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

మహాశివరాత్రి జాతరల్లో కనిపించే విద్యుత్ ప్రభ చేతితో కట్టే వెలుగుకట్టడం. కృష్ణానదికి ఇరువైపులా, కోటప్పకొండలోనూ మేళ్లచెరువులోనూ, ఈ ప్రభలు జాతరకు ముఖ్యమైన ఆకర్షణ. దైవానికి కాంతివలయంగా రూపొందిన ప్రభలో ఇటీవలి దశాబ్దాల్లో వ్యక్తుల ఛాయాచిత్రాలకు చోటు దొరికింది. ఈ మార్పును భక్తి క్షీణతగా కొట్టివేయడమో, జనసంస్కృతిగా మెచ్చుకోవడమో తరచుగా జరుగుతుంది. ఈ వ్యాసం ఆ రెండింటినీ పక్కనబెట్టి, ఛాయాచిత్రానికీ వెలుగుకూ మధ్య ప్రభ ఏర్పరుస్తున్న సంబంధాన్ని పరిశీలిస్తుంది. ఇంటిగోడపై చిన్న బల్బు కింద ఉండే పెద్దల పటాన్నీ, నిమ్మలకుంట తోలుదీపాన్నీ పోలికకు తీసుకుంటుంది. సొంత ఛాయాచిత్రాన్ని ఇముడ్చుకొనే చేతిదీపానికి కొన్ని రూపకల్పన ప్రమాణాలను ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్రభ, ప్రభావళి, ఛాయాచిత్రం, తోలుబొమ్మ, మేళ్లచెరువు, కోటప్పకొండ, నిమ్మలకుంట, హస్తకళ, దర్శనం.

1. పరిచయం

సూర్యాపేట జిల్లాలోని మేళ్లచెరువు రెండు విషయాలకు ప్రసిద్ధి. ఒకటి స్వయంభూ శంభులింగేశ్వరస్వామి ఆలయం, రెండవది సున్నపురాయి నేలపై వెలసిన సిమెంటు కర్మాగారాలు. కోదాడ, హుజూర్‌నగర్ ప్రాంతాల జనం శివరాత్రికి ఇక్కడికే చేరుతారు. ఎడ్ల పందేలు, దుకాణాలు, రాత్రివేళ విద్యుత్ ప్రభలు ఆ జాతరకు రూపురేఖలు. పాలనపరంగా ఈ ఊరు తెలంగాణలో ఉన్నా, ప్రభల సంప్రదాయం దీనిని కృష్ణకు ఆవలి పల్నాడుతో కలుపుతుంది. నది రాష్ట్రాలకు సరిహద్దు కావచ్చు గాని, జాతరలకు ఎన్నడూ సరిహద్దు కాలేదు.

తెలుగులో జాతరలపై వచ్చిన పరిశోధనలో క్రతువు, స్థలపురాణం, జనపద గేయం విస్తృతంగా చర్చకు వచ్చాయి. జాతరలో చేతితో తయారయ్యే వస్తువును కళావస్తువుగా భావించి, దాని గుణదోషాలను నిర్ణయించే విమర్శ మాత్రం తక్కువ. ప్రభను గురించి రాసినప్పుడు దాని ఎత్తు, ఖర్చు, దాన్ని కట్టిన ఊరి పేరు చెప్పి ముగించడం పరిపాటి. ఎత్తు కొలత మాత్రమే. అది విలువను నిర్ణయించదు. ప్రభ వెలుగును ఎలా వాడుతోంది, ఎవరికి వాడుతోంది అన్నవి విమర్శ అడగవలసిన ప్రశ్నలు.

2. ప్రభ: పదం, నిర్మాణం

‘ప్రభ’ అంటే కాంతి. ఆలయశిల్పంలో, లోహవిగ్రహాల్లో దేవతామూర్తి వెనుక వంపు తిరిగి నిలిచే చట్రం ప్రభావళి. తోరణంలా పైకి లేచి, మూర్తి శిరస్సు చుట్టూ తేజస్సును సూచించడం దాని పని. జాతర ప్రభ ఈ ప్రభావళినే ఊరి మధ్యకు తెచ్చి పెంచిన రూపం. కాబట్టి ప్రభకు నిర్మాణరీత్యా ఒక కేంద్రం ఉంటుంది. ఆ కేంద్రం ఖాళీగా ఉంటే ప్రభావళికి అర్థం లేదు. అక్కడ ఎవరు కూర్చుంటే కాంతి వారిదవుతుంది.

తెలుగునేలపై ప్రభలు ఒకే తీరులో లేవు. కోనసీమలో కనుమనాడు జరిగే జగ్గన్నతోట తీర్థంలో ఏకాదశరుద్రుల ప్రభలు పగటివెలుగులో కదులుతాయి. వెదురు, రంగుబట్టలు, పూలదండలతో కట్టిన ఆ ప్రభల్లో దేవతామూర్తులే కేంద్రం. వాటిని మనుషులు భుజాలపై మోస్తూ పచ్చని చేలను తొక్కుకుంటూ, కౌశిక కాలువను దాటుతూ తీసుకువస్తారు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటానికి ఈ ప్రభల తీర్థమే ఇతివృత్తమైంది. సూర్యుడే దాని దీపం కాబట్టి కోనసీమ ప్రభకు వేరే దీపం అవసరం లేదు.

పల్నాడు ప్రభ రాత్రిది. కోటప్పకొండ తిరునాళ్లకు చుట్టుపక్కల ఊళ్లు కట్టుకొచ్చే ప్రభలు వంద అడుగులకు చేరువగా లేస్తాయి. కర్రలు, వెదుళ్లు, ఇనుపచట్రాలు కలిపి బిగించిన ఈ కట్టడం బండిమీద కదులుతుంది. అది ఒరగకుండా నాలుగు వైపులా మోకులు పట్టుకొని జనం నడుస్తారు. దారికి అడ్డంగా ఉన్న తీగలకు కరెంటు ఆపుతారు. విద్యుత్తుతో వెలిగే ప్రభ ముందుకు సాగడానికి ఊరి విద్యుత్తు కాసేపు ఆరిపోవలసి రావడం ఈ కళ వైచిత్రి. ముందుభాగమంతా బల్బుల వరుసలు ఉంటాయి. అవి వెలిగి ఆరే క్రమంలో చక్రాలు తిరుగుతాయి, పూలు విచ్చుకుంటాయి, నెమళ్లు పురివిప్పుతాయి. ఈ కదలిక బల్బుది కాదు. ఏ వరుస ఎప్పుడు వెలగాలో నిర్ణయించే మీటల అమరికది. ఒకప్పుడు తిరిగే చెక్కపీపాపై రేకులు తాకి సరఫరా మారేది. ఇప్పుడు ఎలక్ట్రానిక్ పలకలు ఆ పని చేస్తున్నాయి. చీకటిలో బల్బులు ఒకదాని తర్వాత ఒకటి వెలిగితే, కదలని బల్బుల మధ్య కదిలే ఆకారాన్ని కన్ను కల్పించుకుంటుంది. సినిమాకు ఆధారమైన చలనభ్రాంతి ఇదే. ఆ మేరకు విద్యుత్ ప్రభను పల్లె చేతులతో కట్టుకున్న తెరలేని సినిమా అనవచ్చు.

ఈ నిర్మాణంలో మరొక లక్షణం గమనించాలి. విద్యుత్ ప్రభకు ఒకే ముఖం. వెనుకకు వెళితే కట్టుకర్రలు, తీగల చిక్కులు, మోకులు మాత్రమే కనిపిస్తాయి. చూపంతా ముందువైపుకు పోగుచేసిన కట్టడమిది. ఛాయాచిత్రం ఇందులోకి సులువుగా ప్రవేశించడానికి ఇదీ ఒక కారణం. ఛాయాచిత్రానికి కూడా ఒకే ముఖం కదా.

3. ఛాయాచిత్రం ప్రభకెక్కిన తీరు

బల్బులతో మనిషి ముఖం గీయడం కష్టం. నెమలికీ చక్రానికీ గీత చాలు. ముఖానికి ఛాయాభేదం కావాలి. వెలిగే చుక్కలతో అది సాధించాలంటే చాలా దగ్గరగా, చాలా సంఖ్యలో దీపాలుండాలి. ఈ చిక్కును అచ్చు సులభంగా తీర్చింది. ముఖాన్ని వెలుగుతో గీయడానికి బదులు వినైల్ గుడ్డపై అచ్చు వేసి ప్రభకు కట్టడం మొదలైంది. ఫ్లెక్సీ ముద్రణ చౌకగా పట్టణపట్టణానికీ చేరిన తర్వాత దేవతల పటాల పక్కన రాజకీయనాయకులు, సినిమా కథానాయకులు, దాతలు, ఊరి యువజనసంఘాల సభ్యులు ప్రభలపై కనిపించడం సాధారణమైంది.

3.1 దాత రూపం కొత్తది కాదు

ఈ పరిణామాన్ని విమర్శించేవారు దేవుని చోట మనిషి వచ్చాడని అంటారు. వాదం పైకి బలంగానే కనిపిస్తుంది గాని, చరిత్ర దాన్ని పూర్తిగా సమర్థించదు. దాత రూపాన్ని దైవసన్నిధిలో నిలపడం మన ఆలయాలకు పాత అలవాటే. తిరుమలలో శ్రీకృష్ణదేవరాయలు తిరుమలదేవి, చిన్నాదేవులతో కలిసి లోహప్రతిమల్లో నిలిచి ఉన్నాడు. లేపాక్షి వీరభద్రాలయం కప్పుచిత్రాల్లో ఆలయాన్ని కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు పరివారంతో కనిపిస్తారు. దానం చేసినవారి పేరు శాసనంలోనూ రూపం శిల్పంలోనూ నిలవాలన్న కోరిక నేటి ఫ్లెక్సీతో పుట్టలేదు.

అయితే తేడా ఉంది. అది రూపం ఉండటంలో లేదు, దాని దిశలో ఉంది. తిరుమల ప్రతిమల్లో రాయలు చేతులు జోడించి ఉన్నాడు. లేపాక్షి చిత్రంలో సోదరులు భక్తులుగా ఉన్నారు. అక్కడ దాత చూసేవాడు, దైవం చూడబడేది. దాతను చూసిన భక్తుని కన్ను దాత చూపు వెంట దేవుని వైపు మళ్లుతుంది. ప్రభపై ఛాయాచిత్రం జనానికి ఎదురుగా నిలిచి, చేయి ఊపుతూనో నమస్కరిస్తూనో ఉంటుంది. ఆ నమస్కారం జనానికి, అంటే ఓటరుకు లేదా అభిమానికి. దాత రూపం భక్తుల వరుసలోంచి తిరిగి ప్రభావళి కేంద్రానికి ఎదురుముఖంగా వచ్చింది. విమర్శ ఆక్షేపించవలసింది ఈ మలుపునే.

3.2 దర్శనం, ప్రదర్శనం

హిందూ ఆరాధనలో దర్శనమంటే భక్తుడు దేవుణ్ణి చూడటం మాత్రమే కాదు, దేవుని చూపు తనపై పడటం కూడానని డయానా ఎక్ 1981లో వెలువరించిన గ్రంథంలో వివరించింది. ఈ ఇరువైపుల చూపును అచ్చుబొమ్మలు ఇళ్లలోకి ఎలా తెచ్చాయో క్రిస్టఫర్ పిన్నీ అధ్యయనాలు చూపాయి. ప్రభపై ఛాయాచిత్రం దర్శనభంగిమను అరువు తెచ్చుకుంటుంది. ఎదురుముఖం, పెద్దకళ్లు, చుట్టూ కాంతివలయం అన్నీ ఉంటాయి. కాని అక్కడ ఇరువైపుల చూపు లేదు. ఒకే ముఖాన్ని పదిచోట్ల అచ్చువేసినప్పుడు ఆ ముఖం ఎవరినీ చూడదు. ప్రభ దర్శనం నుంచి ప్రదర్శనానికి జారుతుంది.

కళాదృష్టితో చూసినా ఇక్కడ లోపముంది. ప్రభకు కట్టే మామూలు ఫ్లెక్సీని ముద్రణశాలలవారు ఫ్రంట్‌లిట్ అంటారు. దానిపై వెలుగు ముందునుంచి పడాలి. ప్రభలో చుట్టూ ఉన్న బల్బులు చూసేవారి కళ్లలోకి కొడతాయి, మధ్యనున్న ముఖం మాత్రం వాటి పక్కన మసకబారుతుంది. దాన్ని నిలబెట్టడానికి వేరే ఫోకస్ దీపాలు పెడతారు. ఆ దీపాలు బల్బుల నమూనాను వెలవెలబోయేట్టు చేస్తాయి. వెలుగుతో కట్టిన కట్టడంలో వెలుగుకు సంబంధంలేని భాగం ఛాయాచిత్రం ఒక్కటే. అది ప్రభలో భాగం కాలేదు, ప్రభకు అతికించిన చీటీగా మిగిలింది. రాజకీయాన్ని పక్కనబెట్టినా ఈ కారణంతోనే దాన్ని రూపకల్పన వైఫల్యమని చెప్పాలి.

4. ఇంటి పటం, చిన్న బల్బు

ప్రభను చూసి ఇంటికి చేరిన మనిషికి గోడమీద మరొక ఛాయాచిత్రం ఎదురవుతుంది. గతించిన తండ్రిదో తల్లిదో పటం. నుదుట కుంకుమ, మెడలో దండ, పైన ఎర్రని చిన్న బల్బు. తెలుగు ఇళ్లలో విద్యుత్తు వచ్చాక నూనెదీపం చోట ఈ జీరోబల్బు నిలిచింది. ఇది కూడా సొంత ఛాయాచిత్రాన్ని ఇముడ్చుకున్న దీపమే. దీన్ని ఎవరూ కళగా పిలవలేదు, ఎవరూ రూపకల్పన చేయలేదు. ఇంటివారి చేతులే దాన్ని కూర్చాయి.

యాంత్రిక పునరుత్పత్తిపై వాల్టర్ బెంజమిన్ 1935 ప్రాంతంలో రాసిన వ్యాసంలో ఛాయాచిత్రం కళావస్తువు ఆరాధనావిలువను తరిమివేస్తుందని వాదించాడు. అయితే ఆ విలువ సులువుగా లొంగలేదనీ, దూరమైనవారి, చనిపోయినవారి ముఖచిత్రాల్లో చివరి ఆశ్రయం వెతుక్కుందనీ అక్కడే ఒప్పుకున్నాడు. ఐరోపా విషయంలో అతడు చివరిదన్న ఆశ్రయం తెలుగు ఇళ్లలో నేటికీ నిత్యం. 1980లో ఛాయాచిత్రంపై పుస్తకం ప్రచురించిన రోలాఁ బార్త్ అందులో తన తల్లి బాల్యంలోని ఒక చిత్రం చుట్టూ చర్చంతా నడిపి, ఆ చిత్రాన్ని మాత్రం అచ్చువేయలేదు. తనకు గాయమైన చిత్రం పాఠకునికి మామూలు పాతఫొటో మాత్రమేనని అతని సమాధానం. సొంత ఛాయాచిత్రం బలమంతా సంబంధంలో ఉంటుంది. సంబంధం లేని కంటికి ఆ బలం అందదు.

ఈ రెండు ఆలోచనలు కలిపితే ప్రభపై ముఖం ఎందుకు తేలిపోతుందో, గోడపై ముఖం ఎందుకు నిలుస్తుందో అర్థమవుతుంది. గోడపటం వద్ద వెలిగే బల్బు చాలా చిన్నది. అది ముఖాన్ని చూపడానికి కాదు, ఆ ముఖం ముందు ఎవరో ఉన్నారని చెప్పడానికి. ప్రభపై వేల బల్బులు ముఖాన్ని చూపడానికే ఉన్నాయి. సంబంధం ఉన్నచోట కొద్దిపాటి వెలుగు చాలుతోంది. అది లేనిచోట ఎన్ని బల్బులు పెట్టినా చాలడం లేదు.

అయినా గోడపటాన్ని ఆదర్శంగా నిలపడం తొందరపాటు. అందులోనూ వెలుగు ఛాయాచిత్రానికి బయటే ఉంది. పైగా ఆ దీపం ఎవరికి దక్కుతుందన్న ప్రశ్న ఇంటిలోనూ ఉంది. ఎన్నో ఇళ్లలో మొన్నటి తరం స్త్రీలకు పటం కట్టించడానికి విడిగా తీసిన ఛాయాచిత్రమే ఉండదు. పెళ్లిఫొటోలోంచో రేషన్‌కార్డు కోసం తీసినదాంట్లోంచో ముఖాన్ని వేరుచేసి పెద్దది చేయిస్తారు. కాంతివలయం పంపకంలోని అసమానత్వం జాతరతో మొదలుకాలేదు.

5. వెలుగు వెనుక: నిమ్మలకుంట తోలుదీపం

ఛాయారూపాన్నీ దీపాన్నీ ఒకే వస్తువుగా చేసిన సంప్రదాయం తెలుగునేలపై ఉంది. అది తోలుబొమ్మలాట. ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట కళాకారులు మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగదీసి ఆరబెట్టి, వెలుగు దూరేంత పలుచగా చేస్తారు. దానిపై బొమ్మ గీసి, ఉలులతో రంధ్రాలు కొట్టి, రెండువైపులా రంగులద్దుతారు. ఆముదపు దీపాల కాలం నుంచి పెట్రోమాక్సుల మీదుగా విద్యుత్ బల్బు వరకు ఆటకు వెలుగు బొమ్మ వెనుకనుంచే వచ్చింది. ఆటకు ఆదరణ తగ్గాక ఇదే తోలు దీపాల తొడుగులుగా మారి పట్టణగృహాలకు చేరింది. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది.

ఆట పోయి అలంకరణ మిగిలిందని ఈ మార్పుపై ఒక ఆక్షేపణ ఉంది. అది న్యాయమైనదే. తెరపై మాట్లాడిన హనుమంతుడు దీపం చుట్టూ మౌనంగా తిరగడం నష్టమే. కాని నిర్మాణసూత్రం మాత్రం దెబ్బతినలేదు. తోలు మందంగా ఉన్నచోట నీడ, పలుచనైనచోట రంగు, రంధ్రమున్నచోట వెలుగు. రూపమంతా వెలుగును ఎంత ఆపాలి, ఎంత వదలాలి అన్న నిర్ణయాల మొత్తం. దీపం ఆర్పితే బొమ్మ నిద్రపోతుంది, వెలిగిస్తే లేస్తుంది. రంగులు రెండువైపులా ఉండటంతో దానికి వెనుకా ముందూ లేవు.

ఐరోపాలో 1827లో పాల్ ద బుర్గోయిన్ పారిస్‌లో హక్కు పొందిన లిథోఫేన్ కూడా ఇదే సూత్రంపై నడిచింది. పింగాణీ పలక మందంలోని హెచ్చుతగ్గులతో, వెనుక దీపం పెట్టినప్పుడు ఛాయాభేదాలతో కూడిన బొమ్మ కనిపించేది. 1892లో కల్యాణ్‌కు చెందిన మహాదేవ్ పట్వర్ధన్ చేపట్టిన శాంబరిక ఖరోలిక గాజుపలకలపై గీసిన కథాచిత్రాలను దీపంతో తెరపైకి పంపింది. ఛాయాచిత్రం సైతం ఒక దశలో గాజుపలకపై నిలిచి, వెలుగుకు ఎదురుగా పట్టి చూసేదిగా ఉండేది. కాగితం మీది ముద్ర మాత్రం వెలుగును ముందునుంచి అడుగుతుంది. కనుక ఛాయాచిత్రాన్ని తిరిగి దీపంలోకి తేవడం దాని చరిత్రలోని ఒక దశను గుర్తుచేయడమే.

6. చేతిదీపంలో సొంత ఛాయాచిత్రం: రూపకల్పన ప్రమాణాలు

పై పోలికల నుంచి కొన్ని ప్రమాణాలు రాబట్టవచ్చు. ఇవి ప్రభకే కాక, నేడు కానుకలుగా అమ్ముడుపోతున్న ఫొటోదీపాలకూ, కళాశాలల్లో విద్యార్థులు చేసే చేతిదీపాలకూ వర్తిస్తాయి.

మొదటిది, వెలుగు ఛాయాచిత్రం గుండా పోవాలి. మామూలు కాగితపు ముద్రను దీపానికి చుడితే కాగితపు పోగులు మచ్చలై ముఖంపై పడతాయి. వెనుకవెలుగుకు పనికొచ్చే పారభాసక పలకపై, మామూలుకంటే గాఢమైన సిరాతో అచ్చువేయాలి. లేదంటే ముఖం వెలిసిపోతుంది. బల్బుకూ చిత్రానికీ మధ్య పలుచని నూలుగుడ్డో తెల్లని పలకో ఉంటేనే వెలుగు సమంగా పరచుకుంటుంది. లేకపోతే బల్బు ఉన్నచోట ముఖానికి మంటచుక్క పడుతుంది.

రెండవది, దీపం తనలోని చిత్రాన్ని తినివేస్తుందన్న ఎరుక ఉండాలి. తీగబల్బు తీసుకునే విద్యుత్తులో తొంభై శాతానికి పైగా వేడిగానే పోతుంది. ఆ వేడికి తోలు ముడుచుకుంటుంది, ముద్ర పసుపెక్కుతుంది. ఎల్‌ఈడీ వేడిని తగ్గిస్తుంది గాని కాంతివల్ల కలిగే వెలవడాన్ని ఆపలేదు. సంగ్రహాలయాలు ఛాయాచిత్రాలను సుమారు 50 లక్స్‌కు మించని వెలుగులో ఉంచడానికి కారణమిదే. కాబట్టి అసలు చిత్రాన్ని దీపంలో పెట్టరాదు. దాని ప్రతిని పెట్టాలి, ఆ ప్రతిని మార్చే వీలు చట్రంలో ఉండాలి. ఇంటికి మిగిలిన ఒకే ఒక్క తాతముత్తాతల చిత్రం విషయంలో ఈ జాగ్రత్త సాంకేతికం మాత్రమే కాదు, నైతికం కూడా.

మూడవది, చిత్రం ఎంపిక. ఎదురుముఖపు పాస్‌పోర్టు చిత్రం గుర్తింపుకు పనికొస్తుంది గాని దీపానికి పనికిరాదు. వెనుకవెలుగులో కళ్లు, పెదవులు కాక అంచులు మాట్లాడతాయి. పనిలో వంగిన వీపు, బావిదగ్గర చేయి, కిటికీ పక్కన నీడ వంటివి తోలుబొమ్మ పక్కముఖంలాగే వెలుగులో నిలుస్తాయి. తోలుబొమ్మ కళాకారులు చాలా పాత్రలను పక్కచూపుతోనే గీయడం వెనుక ఈ ఇంగితం ఉంది.

నాలుగవది, సమ్మతి. ఇంటిలో వెలిగే ముఖాన్ని బజారులో వెలిగించేముందు ఆ ముఖం గలవారినో, వారు లేకపోతే వారివారినో అడగాలి. జాతర ప్రభపై గతించిన యువకుని చిత్రం కట్టినప్పుడు ఊరికి అది నివాళి కావచ్చు. ఆ తల్లికి ఏమవుతుందో ఆమె మాత్రమే చెప్పగలదు.

ఐదవది, చేసినవారి పేరు. ప్రభపై డబ్బిచ్చినవారి ముఖాలు ఉంటాయి. కర్రలు బిగించినవారివి, బల్బుల వరుసలు కూర్చినవారివి, మోకులు పట్టి నడిచినవారివి ఉండవు. చేతితో చేసిన కళలో చేయి కనిపించకపోవడం అన్నిటికంటే పెద్ద లోపం. సున్నపురాయి గనుల్లో, కర్మాగారాల్లో, పొలాల్లో పనిచేసే జనం ఉన్న మేళ్లచెరువు వంటి చోట ఈ లోపం మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

7. ముగింపు

ప్రభనుంచి మనుషుల ముఖాలను తొలగించాలని ఈ వ్యాసం వాదించడం లేదు. తిరుమల, లేపాక్షి ఉదాహరణలు చూపినట్టు మనిషి రూపం దైవసన్నిధిలో ఎప్పటినుంచో ఉంది. ఆక్షేపణ రెండు విషయాలపైనే. భక్తుల వరుసలో ఉండవలసిన రూపం కాంతివలయం మధ్యకు రావడం ఒకటి. వెలుగుతో కట్టిన కట్టడంలో ఆ రూపం వెలుగును తాకని వినైల్ గుడ్డగా వేలాడటం రెండవది. మొదటిది సామాజిక లోపం, రెండవది కళాలోపం. రెండింటికీ మూలం ఒక్కటే. ముఖాన్ని వెలుగులో భాగం చేయకుండా వెలుగుకు యజమానిని చేయడం.

నిమ్మలకుంట తోలు చూపిన దారి మేళ్లచెరువుకు అందనంత దూరంలో లేదు. ప్రభ కట్టేవారికి బల్బు తెలుసు, చట్రం తెలుసు, కంటిని మాయచేసే క్రమం తెలుసు. వారికి కావలసింది వెలుగు దూరే పలక, ఎవరిని వెలిగించాలన్న ఆలోచన. ప్రభ అడుగుభాగంలో, జనం కంటి ఎత్తున, ఆ ఏడు దాన్ని కట్టిన చేతుల ఛాయాచిత్రాలు వెనుకవెలుగుతో వరుసగా నిలిచి, వారి చూపు పైనున్న శంభులింగేశ్వరుని వైపు ఉంటే, దాత ప్రతిమకున్న పాత మర్యాదా ప్రభకున్న కొత్త విద్యుత్తూ ఒకచోట కలుస్తాయి. అప్పుడు తెల్లవారి ప్రభను విప్పేటప్పుడు ఫ్లెక్సీలు చెత్తకుప్పకు పోవు. ఆ చిత్రపలకలను కట్టినవారే ఇళ్లకు పట్టుకుపోయి గోడకు తగిలించుకుంటారు, వెనుక ఒక చిన్న బల్బు పెట్టుకుంటారు.